డాక్టరు చదువులో దాటేసిన పాఠం

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంట్లో ఎవరికి ఒంట్లో నలతగా ఉన్నా ముందుగా కనిపెట్టేది మనమే. ఆస్పత్రికి వెంటబెట్టుకుని వెళ్ళేదీ మనమే. డాక్టరుగారు చెప్పింది శ్రద్ధగా విని, ఇంటికొచ్చి అందరికీ అప్పజెప్పేదీ మనమే. డాక్టరుగారు అన్నారంటే ఇక దానికి తిరుగుండదు. ఆ నమ్మకం మంచిదే. కాని డాక్టర్లకైనా ఎవరో ఒకరు నేర్పితేనే కదండీ తెలిసేది? నేర్పని విషయంలో వారూ మనలాంటి వారే. చాలాకాలం అలా నేర్పకుండా వదిలేసిన, ఇంకా చెప్పాలంటే తప్పుగా నేర్పిన పాఠం ఒకటుంది. దాన్ని గురించి ఈ రోజు మీతో ముచ్చటిస్తాను.

మగవాడికి మగవాడి మీద, ఆడదానికి ఆడదాని మీద కలిగే ప్రేమ గురించిన పాఠం అది. ఈ మాట చెవిన పడగానే రేడియో కట్టేయాలనిపిస్తే దయచేసి కాస్త ఓపిక పట్టండి. ఇది మన ఇళ్ళకు సంబంధించిన సంగతే.

ముందు మాటల దగ్గర స్పష్టత ఉండాలి. పురుషులను ప్రేమించే పురుషులను గే అనీ, స్త్రీలను ప్రేమించే స్త్రీలను లెస్బియన్ అనీ ఇంగ్లీషులో అంటున్నారు. మన పత్రికలు చాలాకాలంగా స్వలింగ సంపర్కులు అని రాస్తున్నాయి. ఆ మాటలోనే ఒక చిక్కుంది. సంపర్కం అనేసరికి వినేవారి మనసు తిన్నగా పడకగదిలోకి పోతుంది. మన కాపురాలను మనం అలా చెప్పుకుంటామా? ఆయన రావడం ఆలస్యమైతే వీధి గుమ్మంలో నిలబడటం, జ్వరమొస్తే రాత్రంతా మేలుకోవడం, కూర బాగాలేదని చిన్నబుచ్చుకోవడం, ఇవన్నీ కలిస్తేనే కదా కాపురం. వారి ప్రేమా అంతే. అందుకని నేను స్వలింగ ప్రేమికులు అంటాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల సంగతి వేరు. తాను ఆడా మగా అన్నది వారి విషయం. ఎవరి మీద మనసు పోతుందన్నది వీరి విషయం. రెంటినీ కలిపేయడం చదువుకున్నవారిలో కూడా కనిపిస్తుంది.

ఇప్పుడు మన డాక్టరు బాబు సంగతి చూద్దాం. పిల్లవాడు ఇంటరులో బైపీసీ తీసుకుంటాడు. లాంగ్ టర్మ్ కోచింగు అంటాడు. తెల్లవారుజామున మనం లేచి టీ పెట్టి ఇస్తాం. సీటు వస్తే కొబ్బరికాయలు కొడతాం. పద్దెనిమిదేళ్ళకు మెడికల్ కాలేజిలో అడుగు పెట్టిన ఆ కుర్రవాడికి ఈ విషయంలో ఏం తెలిసి ఉంటుంది? ఇంట్లో పెద్దలు గొంతు తగ్గించి అనుకున్న మాటలు, సినిమాలో హాస్యనటుడు నడుము తిప్పుతూ వేసిన వేషం, కాలేజిలో ఎవడినో చూసి 'వాడు తేడారా' అని నవ్వుకోవడం. ఇంతే! ఒక మనిషిని 'తేడా' అనే రెండక్షరాల్లో తీసిపారేయడం అక్కడే నేర్చుకున్నాడు. ఆ తరువాత నాలుగున్నరేళ్ళు చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్. ఎముకలు 206 అని నేర్పారు, ఒక్కొక్కదాని పేరూ నేర్పారు. మరి ఈ విషయం?

నేర్పలేదనడానికి లేదు, నేర్పారు. ఎక్కడ? నేరాలకు సంబంధించిన వైద్యశాస్త్రంలో. అదే ఫోరెన్సిక్ మెడిసిన్. శవ పరీక్షలు, విష ప్రయోగాలు, అత్యాచారాలు చదువుకునే పుస్తకమది. 2019లో మన దేశంలో అమలులోకి వచ్చిన కొత్త ఎంబీబీఎస్ పాఠ్య ప్రణాళికలో కూడా లెస్బియన్ అన్న మాట 'అసహజ లైంగిక నేరాలు' అనే జాబితాలో, జంతువులతో చేసే నీచపు పనుల సరసన ఉంది. విచిత్రం ఏమిటంటే అప్పటికి అది నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఆ నేరం కథ కూడా క్లుప్తంగా చెబుతాను. మన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను 1860లో ఇంగ్లీషువారు రాసింది. ప్రకృతి విరుద్ధమైన సంపర్కం అన్నారే గాని, అందులో స్త్రీల ప్రేమ మాట పేరెత్తి ఎక్కడా లేదు. అయినా పాఠ్య పుస్తకాలు వారినీ తెచ్చి నేరస్థుల వరసలో నిలబెట్టాయి. 2009లో ఢిల్లీ హైకోర్టు ఈ సెక్షను పెద్దవారి ఇష్టపూర్వకమైన సంబంధాలకు వర్తించదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, ఇది నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ అయిదుగురిలో ఒకే ఒక్క మహిళ, జస్టిస్ ఇందూ మల్హోత్రా. చరిత్ర వీరికీ, వీరి కుటుంబాలకూ క్షమాపణ చెప్పుకోవలసి ఉందని ఆమె రాశారు. 'వీరి కుటుంబాలకూ' అన్నారు చూశారా, ఆ కుటుంబాల్లో తల్లులున్నారు. కొందరు తల్లిదండ్రులు తమ పిల్లల పక్షాన ఆ కోర్టు మెట్లెక్కారు. కొందరు మానసిక వైద్యులు కూడా ఇది జబ్బు కాదని చెప్పడానికి ముందుకు వచ్చారు.

అవును, ఒకప్పుడు దీన్ని జబ్బు అనేవారు. ఆ అభిప్రాయం మారడం వెనుక ఒక స్త్రీ కృషి ఉంది. 1950లలో అమెరికాలో ఎవలిన్ హూకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఒక సందేహం వచ్చింది. డాక్టర్లు జబ్బు అంటున్నారు సరే, వారు చూసింది ఆస్పత్రికి వచ్చినవారిని, జైలుకు పోయినవారిని మాత్రమే కదా? హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్న వారిని చూశారా? ఆవిడ అలాంటి స్వలింగ ప్రేమికులను 30 మందినీ, మామూలు మగవారిని 30 మందినీ తీసుకుంది. సిరా మరకల బొమ్మల వంటివి చూపించి మనసును అంచనా వేసే పరీక్షలు పెట్టింది. పేర్లు తీసేసి ఆ జవాబులను పెద్ద పెద్ద నిపుణుల చేతిలో పెట్టి, ఎవరు ఏ గుంపువారో చెప్పమంది. చెప్పలేకపోయారు! 1957లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. బియ్యంలో రాళ్ళేరడానికి కూర్చుని, ఏది రాయో ఏది గింజో తెలియలేదంటే ఏమనాలి? అందులో రాళ్ళు లేవనే కదా అర్థం.

అయినా డాక్టర్ల సంఘం వెంటనే ఒప్పుకోలేదు. 1972లో అమెరికా సైకియాట్రిస్టుల మహాసభలో ఒక డాక్టరు ముఖానికి ముసుగు తగిలించుకుని, గొంతు గుర్తు పట్టకుండా మార్చే మైకు పెట్టుకుని మాట్లాడాడు. తాను సైకియాట్రిస్టుననీ, స్వలింగ ప్రేమికుడిననీ చెప్పాడు. ఆయన పేరు జాన్ ఫ్రయర్. శిక్షణ పొందే రోజుల్లో ఈ కారణంగానే ఒక చోట స్థానం పోగొట్టుకున్నవాడు, అందుకే ముసుగు. మరుసటి ఏడాది 1973 డిసెంబరులో ఆ సంఘమే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో, ఇది మానసిక వ్యాధి కాదని ప్రకటించింది.

మరి ఇన్ని చోట్ల ఇన్ని నిర్ణయాలు జరిగినా మన కాలేజి పుస్తకంలోకి ఆ కబురు ఎందుకు చేరలేదు? ఎవరికీ పట్టలేదు గనుక. పట్టించుకునేటట్టు చేసింది ఇద్దరు అమ్మాయిలు. మదురైకి చెందిన వారు, ఒకరినొకరు ప్రేమించుకున్నారు. ఇంట్లోవారు ఒప్పుకోలేదు, మద్రాసు వెళ్ళిపోయారు. తల్లిదండ్రులు పోలీసు రిపోర్టు ఇచ్చారు. పోలీసుల నుంచి రక్షణ ఇప్పించమని ఆ అమ్మాయిలు హైకోర్టుకు వెళ్ళారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ అనే న్యాయమూర్తి ఆ కేసు విన్నారు. ఆయన చేసిన పని నాకు చాలా నచ్చింది. ఈ విషయం తనకు పూర్తిగా అర్థం కాలేదని బాహాటంగా ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి ముందు విద్యార్థిలా కూర్చుని నేర్చుకుని, ఆ తరువాతే 2021 జూన్‌లో తీర్పు చెప్పారు. అంత పెద్ద కుర్చీలో ఉన్న మనిషి నేర్చుకోవడానికి నామోషీ పడలేదు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థికీ, మనకూ నామోషీ ఎందుకు?

ఆ కేసు కారణంగానే డాక్టరు పుస్తకాల మీద దృష్టి పడింది. 2021 అక్టోబరులో జాతీయ వైద్య కమిషను పుస్తకాలలో వీరిని కించపరిచే రాతలు ఉండకూడదని కాలేజీలకూ, రచయితలకూ సలహా పంపింది. 2022 ఆగస్టులో మరో ముఖ్యమైన మాట చెప్పింది. స్వలింగ ప్రేమికులను 'మార్చేస్తాం' అంటూ చేసే చికిత్స వైద్యవృత్తిలో దుష్ప్రవర్తన కింద లెక్క అని రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ళకు రాసింది. అంటే అలాంటి డాక్టరు మీద కౌన్సిలుకు ఫిర్యాదు చేయవచ్చన్నమాట.

అంతటితో కథ కంచికి వెళ్ళిందనుకోకండి. 2024 ఆగస్టు 31న అదే కమిషను కొత్త పాఠ్య ప్రణాళిక విడుదల చేసింది. తీసేసినవన్నీ మళ్ళీ అందులో ప్రత్యక్షమయ్యాయి. లెస్బియన్ అన్న మాట మళ్ళీ నేరాల జాబితాలో! డాక్టర్లు, హక్కుల కోసం పనిచేసేవారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. సెప్టెంబరు 5న దాన్ని వెనక్కి తీసుకుని, 12వ తేదీన సవరించి మళ్ళీ ఇచ్చారు. గోడకు సున్నం ఎంత వేసినా పాత మరక పైకి తేలుతూనే ఉంటుంది, చూశారా.

పుస్తకంలో ఒక పంక్తికి ఇంత రభస ఎందుకంటారేమో. నూటయాభై మంది కూర్చున్న ఆ క్లాసులోనే అలాంటి పిల్ల ఒకతె ఉండవచ్చు. ఎవరికీ చెప్పుకోలేదు, తల్లికి కూడా. చదువులో ముందుండే పిల్ల. ఒకరోజు పుస్తకం తిప్పితే తన గురించి నేరాల పేజీలో ఉంటుంది. పక్కన కూర్చున్నవారు నవ్వుతారు. తాను కూడా నవ్వాలి, లేకపోతే తెలిసిపోతుంది. పరీక్షలో ప్రశ్న వస్తే తాను నేరస్థురాలినని తన చేత్తో రాసి మార్కులు తెచ్చుకోవాలి. ఆ పిల్ల మన పిల్లే అయి ఉండవచ్చు కదండీ.

ఇక రోగుల వైపు నుంచి చూద్దాం. పొత్తికడుపులో నొప్పి అని ఒక అమ్మాయి లేడీ డాక్టరు దగ్గరికి వెళుతుంది. మొదటి ప్రశ్న, 'పెళ్ళయిందా?' మనందరికీ తెలిసిన ప్రశ్నే. డాక్టరు అడగదలచుకున్నది వేరు. అది అడగడానికి మొహమాటపడి పెళ్ళి మాట అడుగుతుంది. 'కాలేదు' అంటుంది అమ్మాయి. అక్కడితో ఆ కాగితం మీద సగం ప్రశ్నలు ఆగిపోతాయి. గర్భాశయ ముఖ ద్వారంలో క్యాన్సరుకు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరసు ఇద్దరు స్త్రీల మధ్య కూడా సోకవచ్చు. ఆ అమ్మాయికి కూడా ఆ పరీక్ష అవసరమని తెలియని డాక్టరు, చెప్పుకునే ధైర్యం లేని అమ్మాయి, ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుని విడిపోతారు. జబ్బు మాత్రం కడుపులో ఉండిపోతుంది. అలాగే నిద్రపట్టక, అన్నం సయించక, బతుకు మీద విరక్తి పుట్టి వచ్చిన కుర్రవాడు. అతని ప్రేమ జబ్బు కాదు. దాన్ని దాచిపెట్టుకుని భయంతో బతకడం వల్ల వచ్చింది ఆ జబ్బు. దేనికి వైద్యం చేయాలో డాక్టరుకు తెలియకపోతే, మందు తప్పిపోతుంది.

ఇది ఒక్క మన దేశపు లోపం కాదు. అమెరికా, కెనడాల మెడికల్ కాలేజీలను విచారించి 2011లో ఒక నివేదిక ప్రచురించారు. పూర్తిగా జవాబిచ్చిన 132 కాలేజీలలో, మొత్తం చదువులో ఈ విషయానికి కేటాయించిన కాలం మధ్యస్థంగా 5 గంటలు! రోగుల దగ్గర నేర్చుకునే సంవత్సరాలలో అసలు ఏమీ చెప్పనివి 44 కాలేజీలు. మన దేశంలో గుజరాత్ వైద్య విద్యార్థుల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. వారికి ఈ విషయంలో తెలిసింది చాలదని తేలింది. ద్వేషం మాత్రం పెద్దగా లేదు. అటూ ఇటూ కాని మనసు. ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ ఆదరం కనిపించింది. అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఎవరికి విషయం బాగా తెలుసో వారిలోనే ఆదరం ఎక్కువ. ఎంత మంచి మాట చూడండి! మన పిల్లల మనసులు చెడ్డవి కావు. వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

మెడికల్ కాలేజి చెప్పకముందు పద్దెనిమిదేళ్ళు వారు ఉన్నది మన ఇంట్లో. అందుకే ఇది మన సంగతి అన్నాను. టీవీలో ఆ హాస్యం వచ్చినప్పుడు మనం నవ్వితే పిల్లవాడు అది నవ్వదగినదని నేర్చుకుంటాడు. మనం నవ్వకపోతే 'అమ్మ ఎందుకు నవ్వలేదు' అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. మీ అబ్బాయో అమ్మాయో మెడిసిన్ చదువుతుంటే, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు అన్నం వడ్డిస్తూ అడగండి: 'ఏం నాయనా, ఈ విషయం మీ పుస్తకంలో ఎలా రాశారు? పాత పుస్తకమా, కొత్తదా?' అని. అమ్మ నోట ఆ ప్రశ్న విన్నవాడు రేపు తన ముందు అలాంటి రోగి కూర్చున్నప్పుడు నవ్వడు.

ఇక రెండో మాట. ఏదో ఒక రోజు మన పిల్లల్లోనే ఒకరు మన దగ్గర కూర్చుని తమ సంగతి చెప్పవచ్చు. గుండె గుభేలుమంటుంది, కాదనను. వెంటనే ఎవరో ఒకరు సలహా ఇస్తారు, పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందని. తెల్లకోటు వేసుకున్నవారే ఆ మాట అనవచ్చు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు అని మనవాళ్ళు నవ్వులకు అన్న సామెతను వైద్యం కింద వాడేస్తారు. ఒక్క క్షణం ఆ రెండో ఇంటివారిని తలచుకోండి. మన కొడుక్కి మందుగా ఎవరి కూతురిని తెస్తాం? ఏ పాపం ఎరగని ఆ పిల్ల, తనలో ఏం లోపముందోనని జీవితమంతా అద్దం ముందు నిలబడి వెతుక్కుంటుంది. ఆ పాపం మూట ఎవరి నెత్తిన పెట్టుకుంటాం? మన కూతురికి ఇష్టం లేని తాళి కట్టిస్తే ఆ రాత్రులు ఎలా ఉంటాయో మనం వేరే ఊహించుకోనక్కరలేదు కదా, మనం ఆడవాళ్ళం.

మందులతో, మాటలతో, కరెంటు షాకులతో మార్చాలని గత శతాబ్దంలో దేశదేశాలలో ప్రయత్నించారు. కంప్యూటరుకు పునాది వేసిన మేధావుల్లో ఒకరైన అలన్ ట్యూరింగ్‌కు 1952లో ఇంగ్లండులో ఇదే నేరం మోపి, జైలుకు బదులు హార్మోనులు ఇచ్చారు. ఆ తరువాత రెండేళ్ళకు, 41 ఏళ్ళకే ఆయన పోయారు. ఏ చికిత్సా ఎవరి ప్రేమనూ మార్చలేదు, మనుషులను మాత్రం కుంగదీసింది. కాబట్టి ఏ డాక్టరయినా 'మీ అబ్బాయిని మార్చేస్తాను, ఇన్ని సిట్టింగులు, ఇంత ఫీజు' అంటే మారుమాట్లాడకుండా చీటీ తీసుకుని లేచి రండి. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం స్పష్టంగా చెబుతోంది. సంఘం నీతినియమాలకు సరిపోలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అనకూడదు. ఎవరిని ప్రేమిస్తారన్నదాన్ని బట్టి వైద్యంలో తేడా చూపకూడదు. పిల్లలు దిగులుగా ఉంటే ఆ దిగులుకు వైద్యం చేయించండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు, పిల్లలే కాదు, తల్లులు కూడా.

అన్ని కష్టాలూ తీరిపోయాయని నేను చెప్పడం లేదు. నేరం కాదన్న సుప్రీంకోర్టే 2023 అక్టోబరులో వీరికి పెళ్ళి హక్కు ఇవ్వడం తన పని కాదని, అది చట్టసభలు చూసుకోవాలని అంది. బంధువుల నోళ్ళు ఉండనే ఉన్నాయి. అవన్నీ ఒక్కరోజులో మారవు. కాని జబ్బు చేసిన మనిషి డాక్టరు ముందు నిజం చెప్పుకోగలగాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. ఆ నిజం విని బెదరని డాక్టరు కావాలంటే, ఆ డాక్టరును కన్న ఇల్లు కూడా బెదరకుండా ఉండాలి. ఆ పని కాలేజీలు చేసేదాకా ఆగనక్కరలేదు, ఈ పూట భోజనాల దగ్గరే మొదలుపెట్టవచ్చు.